చెంగమ్మ వెల్లకిలా పడుకున్న మధ్యాహ్నం

నేను అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఈ ఒక్క మాట పట్టుకునే బతికాను. ఇంట్లో అందరూ ఒకటి నమ్మారు, నేను కాదనలేదు. అంతే. ఆ 'అంతే' ఎంత బరువో మోసేవాళ్ళకు తప్ప తెలియదు. మీరు మా ఇంటికి ఎప్పుడూ రారు, మావాళ్ళ ముఖాలు చూడరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పెళ్ళయి తిరుపతిలో అత్తగారింటికి వచ్చిన కొత్తలో నన్ను మొదట బెదరగొట్టింది ఒక సాలీడు. నా మరిది ముని అప్పట్లో పశువైద్యం చదువుతున్నాడు. ఎవరో స్నేహితుడు వదిలించుకుంటుంటే ఒక టరాంటులాను తెచ్చి పెంచుకున్నాడు. అరచేయంత ఉండేది. నల్లటి ఒళ్ళు, కాళ్ళ కీళ్ళ దగ్గర నిప్పు రంగు, ఒంటినిండా నూగు. గాజుపెట్టెలో కొబ్బరిపీచు పొడి మీద రోజుల తరబడి కదలకుండా కూర్చునేది. దాని తిండి కీచురాళ్ళు. వాటిని వేరే డబ్బాలో పెంచేవాడు. వాటి సన్నటి అరుపు ఇంట్లో ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేది. ఆ ఇంట్లో నా మొదటి వేసవిని తలచుకుంటే ఇప్పటికీ ముందు ఆ చప్పుడే వస్తుంది, తర్వాతే మనుషులు వస్తారు.

దాన్ని మునికంటే ఎక్కువగా చూసుకున్నది అవ్వ. నా భర్తకు నాయనమ్మ. కార్వేటినగరం మనిషి. చెంగమ్మ అని పేరు పెట్టింది ఆమే. చిన్నప్పటి స్నేహితురాలి పేరట. "అది గూడా ఇట్లే, ఆలోచించి ఆలోచించి అడుగేసేది," అనేది. చిన్న పట్టకారుతో కీచురాయిని పట్టి పెట్టెలోకి వదిలేటప్పుడు ఆమె వేళ్ళు వణికేవి కావు. చెంగమ్మ పురుగును పట్టుకోగానే అవ్వ బిగబట్టిన ఊపిరి వదిలి నవ్వేది. అప్పుడప్పుడూ కళ్ళద్దాలు ఎక్కడ పెట్టిందో మరచిపోయేది. దానికి మేమంతా ఆటపట్టించేవాళ్ళం. అంతకు మించి ఆమెకు ఏ మతిమరుపూ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ముని క్లాసువాళ్ళతో పులికాట్‌కు పక్షులను చూడటానికి బయల్దేరిన పొద్దున అవ్వకు జాగ్రత్తలు చెప్పాడు. నేను పక్కనే దోసెలు పోస్తున్నాను.

"అవ్వా, చెంగమ్మ కుబుసం ఇడిసే మాదిరి ఉండాది. ఎల్లకిలా పండుకుంటే సచ్చిపోయిందనుకోవాకు. అప్పుడు దాని ఒళ్ళు మెత్తగా ఉంటాది. పురుగును ఏస్తే ఆ పురుగే దీన్ని కొరికేస్తాది. ఎవురూ కదిలించాకండి. దాని మానాన దాన్ని ఇడిసిపెట్టండి."

"సరేలే నాయనా. నీళ్ళు మాత్రం పోస్తా," అంది అవ్వ. పోసింది కూడా. అతను వెళ్ళగానే మూత తీసి, లోపల ఉన్న సీసామూతలో నీళ్ళు నింపడం నేను చూశాను.

మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయింది. నాకు నాలుగు రోజులుగా లోజ్వరం. ఆరిన బట్టలు పెట్టడానికి ముని గదిలోకి వెళ్ళాను. పసుపుపచ్చ కర్టెన్‌లోంచి వస్తున్న ఎండలో గది తేనెలో మునిగినట్టుంది. చెంగమ్మ తాను అల్లుకున్న తెల్లటి పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉంది. నిద్రలో ఎవరినో పిలుస్తున్నట్టు కాళ్ళు మెల్లగా కదులుతున్నాయి. భయం ఏమైపోయిందో తెలియదు. ఎంతసేపు చూశానో తెలియదు. నాకు కూడా ఒళ్ళంతా సడలిపోయి, నేల మీద ఉన్నానో లేదో తెలియనట్టు అయింది.

అప్పుడొక ఆలోచన వచ్చింది. ఎవరూ కదిలించొద్దని దీని గురించి ఇల్లంతటికీ చెప్పి వెళ్ళాడు. నా గురించి ఎవరైనా ఎప్పుడైనా అట్లా చెప్పారా? ఒళ్ళు కాలుతుంటే పొద్దున దోసెలు పోసింది ఎవరు?

డబ్బా తెరిచాను. రెండు కీచురాళ్ళను పట్టకారుతో పట్టి పెట్టెలో వదిలాను. మూత పెట్టి, వెళ్ళి పడుకున్నాను. పెళ్ళయ్యాక అంత గాఢంగా ఎన్నడూ నిద్రపోలేదు. లేచాక అదంతా కలేమో అనిపించింది. కల కాదని తెలుసు. వెళ్ళి ఆ పురుగులను తీసేయడానికి సమయం ఉంది. ఎందుకు వెళ్ళలేదు? జ్వరం అని చెప్పుకున్నాను చాలా ఏళ్ళు. జ్వరానికి కాళ్ళు కట్టేసే శక్తి ఉందా?

మర్నాడు ముని వచ్చి పెట్టె చూశాడు. చెంగమ్మ పాత చర్మంలోంచి సగమే బయటికి వచ్చి ఉంది. పాలిపోయిన కొత్త కాళ్ళు కొరికేసి ఉన్నాయి. ఒక కీచురాయి మూలన కూర్చుని మీసాలు సవరించుకుంటోంది.

"అవ్వా, పురుగు ఏసినావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"నేనెందుకేస్తాను నాయనా? నిన్న పొద్దన్నే మూత తీసినాను, నీళ్ళకే..." అంటూ ఆగిపోయింది. తన వేళ్ళవైపు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "ఏసినానేమో. ఈమధ్య నాకు మతి నిలవడంలేదు గదా."

నేను గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. మాట నాలుక మీదే ఉంది. మింగేశాను.

ఆ తర్వాత అవ్వ స్టవ్ వెలిగించడం మానేసింది. బీరువా తాళాలు మా అత్తగారికి ఇచ్చేసింది. ఏ పని చేసినా, "నేను చేసిందే గదా ఇది?" అని ఎవరినో ఒకరిని అడిగేది. మేము కూడా ఆమె మాటను మరొకరిని అడిగి సరిచూసుకోవడం మొదలుపెట్టాం. రెండేళ్ళు గడిచేసరికి నిజంగానే మతి పోయింది. ఆ వయసులో వచ్చే జబ్బేనని డాక్టరు అన్నాడు. కావచ్చు. కానీ ఆ రోజుకు రాలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మనవళ్ళ పేర్లు మరచిపోయింది. భర్త పోయిన సంగతి మరచిపోయింది. అయినా ముని కనిపిస్తే చాలు, చేయి పట్టుకుని, "చెంగమ్మను నేనే సంపినాను నాయనా," అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆమెలో చివరిదాకా మిగిలిన జ్ఞాపకం అదొక్కటే. అది జరగనిది.

ఒకరోజు ఆమెకు తల దువ్వుతూ చెప్పేశాను. "అవ్వా, ఆ పురుగులను వేసింది నేను."

ఆమె వెనక్కి తిరిగి నా ముఖం తేరిపార చూసింది. "నువ్వెందుకేస్తావు అమ్మణ్ణీ? నీకు అదంటే బయం గదా," అంది. నా చెంప నిమిరింది. నన్ను వెనకేసుకొచ్చింది. ఇంకోసారి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. ముని వేరే ఊళ్ళో పశువుల డాక్టరు. ఇంటికొస్తే వదినా వదినా అంటూ వంటింట్లో కూర్చుంటాడు. అతనికి తెలియదు. నా భర్తకూ తెలియదు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగాల్సిన మనిషికి చెబితే నమ్మనే లేదు. ఒక్కసారైనా ఈ మాట నా నోటినుంచి ఉన్నదున్నట్టు బయటికి రావాలని, అంతే.

అవ్వకు ఆ రోజు అన్నీ సరిగ్గానే గుర్తున్నాయి. ఆమె నీళ్ళే పోసింది. పురుగులను వేసింది నేను.