ఇసక దులిపిన కండువా

మస్తానమ్మ మోకాళ్ళ కింద చర్మం ఎప్పుడూ తెల్లగా పొక్కి ఉండేది. అది రోగం కాదు, ఉప్పుకాలువ. కాలువకు అవతల, సముద్రం ఒడ్డున నడిమిపాళెం. ఇవతల మా ఊరు. తెప్పలు చేపతో ఒడ్డుకొచ్చే వేళకు రేవు పడవ ఏనాడూ కావలసిన గట్టున ఉండేది కాదు. దానికోసం కూచుంటే చేప మెత్తబడుతుంది. మెత్తబడ్డ చేపను కుక్క కూడా బేరమాడదు. అందుకని మస్తానమ్మ గంప నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో దిగి వచ్చేది. వచ్చి మా అరుగు మీద కొంగు పిండుకునేది.

నేను మిషను బడిలో రెండో క్లాసు దాకా చదివినదాన్ని. పెద్దవాళ్ళ చరిత్రలు రాయడానికి పెద్దవాళ్ళున్నారు. మస్తానమ్మది రాసేవాళ్ళు లేరు గనుక నేను రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి, వచ్చి నాకు చెప్పనక్కరలేదు.

ఆమె మొగుణ్ణి సముద్రం తీసుకుంది. ఒక్క కొడుకును గంపతోనే పెంచి, పెళ్ళి చేసింది. అప్పటికే మోకాళ్ళు మొరాయించసాగాయి.

"ఎలిశబెతక్కా, ఇంకెన్ని వానకాలాలు దిగుతాను ఈ నీళ్ళలో? వంతెనన్నా రావాల, నేను గంపన్నా దించాల" అనేది.

వంతెన కట్టిస్తానన్నది మా ఊరి మాగాణి రైతు కామాక్షయ్య. యాభైతొమ్మిదిలో పంచాయతీ ఎన్నికలప్పుడు కాలువ గట్టున నిలబడి, "నన్ను ప్రెసిడెంటును చెయ్యండి, మీ ఆడోళ్ళు కాళ్ళు తడవకుండా నడిచిపోతారు" అన్నాడు. చేశారు. గట్టున లారీడు రాళ్ళు పడ్డాయి. ఆ రాళ్ళ మీద మేము గుడ్డలు ఉతుక్కున్నాం.

రెండేళ్ళు చూసి పాళెం వాళ్ళకు కడుపు మండింది. అక్కడి పెద్దలను కాపులంటారు. వాళ్ళు కూడి వేసే కట్టుబాటు దురాయి. పోలీసుకు ఎదురు చెప్పినవాళ్ళను చూశాను గానీ, దురాయికి ఎదురు చెప్పినవాళ్ళను చూడలేదు. వంతెన పని మొదలయ్యేదాకా ఎవరూ ఇంటిపన్ను కట్టకూడదు, కామాక్షయ్య గడపలో చేప దించకూడదు అని దురాయి వేశారు. మస్తానమ్మకు మంచి బేరం పోయింది. అయినా ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే కామాక్షయ్య ఇంట్లో వంకాయ తిని తిని విసిగి, చివరికి ఓవర్సీరును పిలిపించి కాలువ కొలిపించాడు. గట్టున కొయ్యలు కూడా పాతారు.

అంతలో ఒక పొద్దున ఆయన కారు వేసుకుని రేవుదాకా వచ్చి, పడవ దాటి, తెప్పలొచ్చే వేళకు ఇసకలో ప్రత్యక్షమయ్యాడు. మస్తానమ్మతో నేనూ ఉన్నాను, వలలారేసిన చోట ఆడవాళ్ళ మధ్య.

"నా జనానికి వంతెన ఇయ్యలేని పదవి నాకెందుకు? పైవాళ్ళు కాగితాలు తొక్కిపెట్టినారు. ఈ పొద్దే రాజీనామా పంపించినాను" అని భుజం మీది కండువా తీసి కాపుల ముందు ఇసకలో పెట్టాడు.

ఎవరో నేర్పే ఉంటారు. ఆ పాళెంలో కాపు అయినవాడు కండువా ఇసకలో పెట్టాడంటే మళ్ళీ ఏ పెద్దరికానికీ రాడని అర్థం. ఆ గుడ్డను అక్కడే వదిలేస్తే పోటు నీళ్ళు తీసుకుపోతాయి. ఆ తర్వాత అతణ్ణి ఎవరూ ఏమీ అడగకూడదు, చచ్చినవాణ్ణి నిలదీసినట్టే. పెద్దకాపు ముత్యాలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడికక్కడే దురాయి ఎత్తేశారు. మంచి చందువ చేపలు ఏరి గంపకెత్తారు. అందరూ ఆ చేపలు పడవలో సర్దే హడావిడిలో ఉండగా కామాక్షయ్య వంగి కండువా తీసుకుని, ఇసక దులిపి, భుజాన వేసుకున్నాడు.

మస్తానమ్మ వలల్లోంచి ముందుకు పోయింది.

"ప్రెసిడెంటయ్యా, ఒక మాట."

"ఇంక నేను ప్రెసిడెంటును కాదుగదమ్మా" అని నవ్వాడు.

"అదే అడగతుండా. కుర్చీలో ఉండావు గనక వంతెన యాడ అని నీ గడప తొక్కినాం. ఇప్పుడు ఎవురి గడప తొక్కాల?"

"ఏందిమే ఆ నోరు? కండువా దించిన మనిషినా అడిగేది?" అని ముత్యాలయ్య గద్దించాడు.

"దించినాడు మావా, దులిపి ఎత్తుకున్నాడు గూడా. మీరు చేపల్ని చూస్తా ఉండారు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే కొంప ముంచింది. మస్తానమ్మ చెంగు పరిచి తప్పయిందనేదాకా ఏ తెప్పా ఆమె గంపలో చేప వెయ్యకూడదని దురాయి పడింది.

"పోయి ఒక్క మాట అనిరామే, నోరేం అరిగిపోదు" అన్నాను నేను.

"నోరు అరగదక్కా. అడిగిన మాట అరిగిపోద్ది" అంది.

తర్వాత తెలిసింది అసలు సంగతి. అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. వంతెన కోసం పదవిని వదిలిన త్యాగి అని గోడలనిండా కామాక్షయ్య పేరే. మొత్తం పాళెం ఓట్లు ఆయనకే అని కాపులు మళ్ళీ దురాయి వేశారు. గెలిచాడు. గెలిచాక వంతెన మాటెత్తితే, "అది పంచాయతీ పని, ప్రెసిడెంటును అడగండి" అన్నాడు. కొత్త ప్రెసిడెంటేమో, "ఆయన మొదలుపెట్టిందేగా, ఆయన్నే అడగండి" అన్నాడు. ఓవర్సీరు పాతిన కొయ్యలకు మేకలు కట్టుకున్నాం.

మస్తానమ్మ చెంగు పరచలేదు. ఇసకలో దక్షిణంగా ఇంకో పాళెం దాకా నడిచి అక్కడ చేప కొనుక్కునేది. అక్కడ కాలువ ఇంకా లోతు. అట్లా కొన్నాళ్ళు ఈడ్చింది. ఒక వానకాలం మోకాళ్ళు నిజంగానే లేవలేదు. గంప కోడలు వెంకటశేషమ్మ నెత్తికెక్కింది. దురాయి అత్తమీదే గాని కోడలి మీద లేదని తెప్పలవాళ్ళు చేప వేశారు.

అరవైయారు చివర్లో జనం మళ్ళీ భగ్గుమన్నారు. కామాక్షయ్యను పాళెంలోకి రానిచ్చేటట్టు లేరు. ఆయన ఈసారి అసెంబ్లీకి రాజీనామా ఇచ్చి, వంతెన కోసమే ఇచ్చానని చెప్పడానికి మర్నాడు పాళేనికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ సాయంత్రం నేను మస్తానమ్మ గుడిసెలోనే ఉన్నాను. ముత్యాలయ్య వచ్చి వంగి నిలబడ్డాడు.

"నీ మీది దురాయి తీసేసినాం. రేపు ఆ మాట మళ్ళీ అడగాలమ్మా. మేం అడగలేం, మాకు కట్టుబాటుండాది."

మస్తానమ్మ నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతూ, "ఒకసారి అడిగినా గదా మావా. రేపు మీరేమీ అడగబళ్ళా. కండువా కింద పెట్టంగానే ఒకరు దానిమీద కాలు పెట్టండి. ఎత్తుకోనియ్యబాకండి. అంతే" అంది.

ముత్యాలయ్య ఇసకను చూస్తూ వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను మళ్ళీ వెళ్ళాను. మస్తానమ్మ గడపలో కూచుని ఉంది, మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని. అమ్మకం ముగించుకుని, కాలువ దాటి వెంకటశేషమ్మ నడుం దాకా తడిసి వచ్చింది. గంప దించి కొంగు పిండుకుంది.

"పొద్దున నువ్వు గంపెత్తుకునే వేళకు వచ్చినాడా పెద్దమనిషి?" అని మస్తానమ్మే అడిగింది.

"వచ్చినాడత్తా. పెట్టినాడు, ఎత్తుకున్నాడు. ఒక్క కాలూ లేవలేదు."



"నీళ్ళు కాగినాయి. ఉప్పు ఆరకముందే కాళ్ళు కడుక్కోపో" అంది మస్తానమ్మ.