జమ్లీబాయికి ఎన్ని పేర్లో

గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఓ విల్లాలో వంట చేసే జమ్లీబాయి నవ్వబోతుంటే ముందు ముక్కుపుడక కదులుతుంది. ఆ ఇంటి మేడమ్ ఆమెను జమీలా అంటుంది. ఏజెంటు పుణ్యమా అని పాస్‌పోర్టులో జయమ్మ అయింది. కదిరి పక్క తండాలో పుట్టింది కాబట్టి మనవాళ్ళకు సుగాలామె. ఆ తండావాళ్ళు మాత్రం తమను గోర్ అని చెప్పుకుంటారు, అడిగినవాళ్ళుంటే కదా! తండాలో ఆడపిల్లలు గోధుమలు మొలకెత్తించే తీజ్ పండగ వస్తే ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి, ప్లాస్టిక్ బుట్టలో గోధుమలు మొలిపిస్తుంది. మనం తొంగిచూస్తే కొంగు అడ్డం పెడుతుంది.

మొన్న శుక్రవారం అదే ఊళ్ళో నజ్మా పేటలో తెలుగువాళ్ళ సభ. జమ్లీబాయి, మరో ముగ్గురు అద్దాల లంగాలు కట్టుకుని ఆటకు సిద్ధమయ్యారు. మైకు పట్టిన రాజమండ్రి గిరి కాగితం మీద ‘సుగాలి డాన్సు’ అని రాసుకున్నాడు.

“అన్నా, గోర్ ఆట అని సెప్పు. ల్యాకుంటే ఆడం.”

“అదెవరికి తెలుసండీ? అందరికీ తెలిసిన పేరే చెప్పాలి కదా!”

“అట్లనా?” అని ఆమె మైకు లాక్కుంది. “కోర్లందరికీ నమస్కారం! ఇప్పుడు కోర్ గిరన్న మాట్లాడతాడు, ఇనండి.”

సభంతా ముఖాలు చూసుకుంది. గిరి చెవులు ఎర్రబడ్డాయి. “కోర్ ఏంటండీ, తిట్టా?”

“కాదన్నా. మావోళ్ళు గానోళ్ళందరినీ మేం అట్లనే అంటాం. మా తండాలో అందరికీ తెలిసిన పేరే!”

“మాకంటూ ఓ పేరు లేదేంటండీ?” అనేసి గిరి నాలుక కరుచుకున్నాడు.

జమ్లీబాయి మైకు తిరిగి అతని చేతిలో పెట్టింది. గిరి గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడు... గోర్ ఆడపడుచుల ఆట.”

“గట్టిగానన్నా,” అంది జమ్లీబాయి, “ఎనకోళ్ళకు ఇనబడల్ల.”