నాది చీము చెవి కాదు

సముద్రం అడుక్కి వెళ్ళాలంటే ముందు చెవులు బాగుండాలట. ఈ సంగతి నాకు యాభయ్యో ఏట, ఏలూరులో మా ఇంటి వరండాలో ముక్కు మూసుకుని కూర్చున్నప్పుడు తెలిసింది.

మా ఆయనకి గుండుగొలను దగ్గర హైవే పక్కన చేపల మేత దుకాణం ఉంది. కొల్లేరు చెరువుల వాళ్ళు అక్కడికొచ్చి బస్తాలు వేయించుకుపోతారు. బాగా అమ్మిన డీలర్లని మేత కంపెనీ అప్పుడప్పుడూ విదేశాలు తిప్పుతుంది. బ్యాంకాక్ అయింది, బాలీ అయింది. రెండిటికీ ఆయన తోటి డీలర్లతో వెళ్ళొచ్చారు. నన్ను పిలవలేదు, నేను ఏడవనూ లేదు. ఈసారి కరీబియన్ దీవులన్నారు. వారం రోజులు. గది, తిండి, తాగుడు, పడవలు అన్నీ అందులోనే. చేతికో పట్టీ కడతారట, అది చూపించి ఏది కావాలంటే అది తినొచ్చట. అన్నిటికీ మించి స్కూబా డైవింగు. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి దిగి చేపల్ని చూడటం. జంటగా వస్తేనే సీటన్నారు. అందుకని నాకూ పిలుపొచ్చింది.

నవ్వేవాళ్ళు నవ్వండి, నాకు వెళ్ళాలనిపించింది. కాలేజీలో జువాలజీ చదివాను. చేప మొప్పలు కోసి, బొమ్మ వేసి, మార్కులు తెచ్చుకున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చేపల సొమ్మే తింటున్నాను. కానీ మా వైపు చేపని నీళ్ళలో ఉండగా చూసినవాళ్ళెవరు? కొల్లేట్లో చెయ్యి ముంచితే మణికట్టు కింద కనిపించదు. చెరువు నీళ్ళయితే పాలకూర పప్పులా ఉంటాయి. చేప మాకు వలలో కనిపిస్తుంది, ఐసు పెట్టెలో కనిపిస్తుంది, లారీలో కనిపిస్తుంది. దాని ఇంట్లో అది ఎలా తిరుగుతుందో ఒక్కసారి చూడాలనిపించింది.

మా ఇంట్లో ఏ కాగితమైనా నింపేది నేనే. మా అమ్మాయి ఇంట్లోంచే కంపెనీ పని చేసుకుంటుంది కాబట్టి దాని కంప్యూటరు ముందు కూర్చుని నేను చెబుతాను, అది కొడుతుంది. పాస్‌పోర్టులు, దారిలో దిగే దేశాల వీసాలు, ఫోటోలు అన్నీ అలాగే నడిచాయి. తాడేపల్లిగూడెం నుంచి తోడికోడలు ఫోను.

"అక్కా, అన్నీ ఇస్తారంటున్నావు, పెరుగన్నం పెడతారా?"

"సముద్రం అడుగున పెట్టరనుకుంటానే."

"అయితే ఆవకాయ పట్టుకెళ్ళు."

"సిలిండరులో గాలి తీయించేసి ఆవకాయ కూరుకెళ్తాలే."

ఇంత సరదాగానే మొదలైంది.

కిందికి దిగుతున్నకొద్దీ నీళ్ళ బరువుకి చెవులు నొక్కుకుంటాయట. ముక్కు గట్టిగా మూసుకుని లోపల్నుంచి గాలి ఊదితే సర్దుకుంటాయని వీడియోలో చూపించారు. రోజూ పొద్దున్న వరండాలో కూర్చుని అది సాధన చేసేదాన్ని. ఒకరోజు మా అమ్మాయి కాఫీ తెచ్చి నా ఎడం పక్కన నిలబడింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"ఏం చప్పుడే?"

"సుయ్‌మని. కుక్కరుకి వెయిట్ పెట్టకముందు వచ్చినట్టు. మళ్ళీ ఊదు. అమ్మా, నీ చెవిలోంచే వస్తోంది!"

అది పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎడం చెవి దగ్గర వేలు పెట్టి ఊదాను. చల్లగా తగిలింది.

నాకు ఎడం చెవి సరిగా వినపడదన్నది ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు చీము పట్టిందని చెప్పేదాన్ని. మా అమ్మాయి మాటలు నేర్చిన దగ్గర్నుంచీ నా కుడి పక్కనే కూర్చునేది. వినపడనివాళ్ళు గట్టిగా మాట్లాడతారు కదా, నా గొంతు వీధి చివరిదాకా వెళ్తుంది. మా వైపు మాట మెత్తన. మా ఆయనది మరీ మెత్తన. బస్తాలు మోసే ముఠా వాళ్ళని కూడా "కాస్త ఇటు వెయ్యండి" అంటారు. ఆయన్ని విని, నన్ను విని, ఊళ్ళోవాళ్ళు "పాపం ఆయన" అంటారు. ఇన్నేళ్ళూ నాకు గయ్యాళి పేరు తెచ్చిపెట్టింది సగం నా నోరైతే సగం ఆ చెవి.

ఏలూరులోనే చెవి డాక్టరు దగ్గరికి నేనూ మా ఆయనా వెళ్ళాం. పెద్దావిడ. లైటు పెట్టి చాలాసేపు చూసింది.

"కర్ణభేరికి పెద్ద చిల్లే ఉందమ్మా. పాతది. దెబ్బేమైనా తగిలిందా?"

నేను నోరు తెరిచేలోపు పక్క కుర్చీలోంచి మా ఆయన, "లేదండీ, చిన్నప్పటి చీమండీ. పెంటపాడులో కాలవల్లో ఈతలండీ, నీళ్ళు పోయినయ్యి," అన్నారు.

మాది పెంటపాడే. కాలవా ఉంది. నాకు ఈత రాదు.

ఆవిడ నా వంకే చూస్తోంది. బస్సు కండక్టరుతో, కరెంటాఫీసుతో, అమ్మాయి స్కూలు ప్రిన్సిపాలుతో, ఎవరితోనైనా సరే వాదనకి దిగే దాన్ని, అక్కడ మాత్రం సంచీ జిప్పు లాక్కుంటూ కూర్చున్నాను. డైవింగు మాట ఎత్తితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. చల్లటి నీళ్ళు ఆ చిల్లులోంచి లోపలికి పోతే కళ్ళు తిరుగుతాయట. పైకి ఏది దారో కిందికి ఏది దారో తెలియదట. అతుకు వేసి చిల్లు మూయొచ్చు గానీ పోయిన వినికిడి తిరిగి రాదంది.

కారులో ఆయన నా కుడి వైపు కూర్చుని నడుపుతారు కాబట్టి ప్రతి మాటా వినపడుతుంది.

"ఆ కాలవ ఎక్కణ్ణించి తెచ్చారండీ?" అన్నాను.

"నువ్వే ఎప్పుడో చెప్పావుగా."

"నేను చీమని చెప్పాను. ఈత మీరు కలిపారు. మీరు కొట్టిన దెబ్బకి పోయిందండీ అది."

"నేనా?"

ఆ 'నేనా' ఇప్పటికీ నా కుడి చెవిలో ఉంది. మర్చిపోయి అన్నారో, మర్చిపోయినట్టు అన్నారో నాకింతవరకూ తేలలేదు.

అప్పటికి అమ్మాయికి అయిదో నెల. దుకాణానికి ఒక రైతు వచ్చాడు. మేత వేసిన దగ్గర్నుంచీ చేప చచ్చి తేలిపోతోందని గోల. ఈయన నీళ్ళలో లోపమంటున్నారు. నేను బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి వాసన చూసి, "బూజు పట్టిందండీ, మార్చి ఇచ్చెయ్యండి," అన్నాను. రైతు ఎదుటే అన్నాను. చదువుకున్నదాన్ని కదా. ఈయన ఆ రైతుకి మెత్తగానే సమాధానం చెప్పి, బస్తాలు మార్చి పంపి, ఇంటికొచ్చారు. ఒక్క లెంపకాయ. అంతే. మళ్ళీ ఎప్పుడూ చెయ్యెత్తలేదు. న్యాయానికి అదీ చెప్పాలి.

చెవిలోంచి రక్తం చుక్క జారింది. మా అత్తగారు వెల్లుల్లి కాచిన నూనె పోసింది, మంచి చేద్దామనే. వారానికి చీము మొదలైంది. ఎవరైనా అడిగితే చీమని చెప్పమ్మా అంది ఆవిడ. చెప్పాను. ఆవిడ పోయింది. నేను చెబుతూనే ఉన్నాను.

"అప్పుడెప్పుడో కోపంలో చెయ్యి తగిలుంటుంది," అన్నారాయన, లారీని దాటిస్తూ. "ఇప్పుడదంతా ఎందుకు? తాడేపల్లిగూడెంలో మనకి తెలిసిన డాక్టరుగారున్నారు. అన్నీ బాగున్నాయని సంతకం పెట్టించుకొస్తాను."

"నీళ్ళ అడుగున కళ్ళు తిరిగితే ఆ సంతకం వచ్చి నన్ను పైకి లాగుతుందా?"

"నిన్ను దిగమన్నదెవరు? పడవలో కూర్చో. కాగితం శుభ్రంగా ఉంటే చాలు."

మర్నాడు ఆయన దుకాణానికి వెళ్ళాక నేనూ అమ్మాయీ కంప్యూటరు ముందు కూర్చున్నాం. డైవింగు వాళ్ళ ఆరోగ్య ప్రశ్నలు పేజీల కొద్దీ ఉన్నాయి. ఉబ్బసమా, లేదు. గుండెజబ్బా, లేదు. చెవికి జబ్బుగానీ దెబ్బగానీ ఉందా?

"ఉంది అని పెడుతున్నానమ్మా. వివరాల్లో చిన్నప్పటి చీము అని కొట్టేస్తా," అంది.

"చెరిపెయ్యి."

"మరేం రాయను?"

"ఎడమ కర్ణభేరికి చిల్లు. కారణం, భర్త చేతి దెబ్బ. ఇరవై మూడేళ్ళ కిందట."

దాని వేళ్ళు ఆగిపోయాయి.

"అప్పటికి నేనున్నానా?"

"ఉన్నావు. నా ఒళ్ళోనే ఉన్నావు."

"మరి నాకు చీమని ఎందుకు చెప్పావు?"

నేను బల్ల మీది పాస్‌పోర్టులు సర్దుతున్నాను.

"పాలవాడితో నీళ్ళ గురించి అరగంట దెబ్బలాడతావు కదమ్మా. నాన్నతో ఎందుకు ఊరుకున్నావు?"

దీనికి మంచి సమాధానాలు ఎన్నో ఉన్నాయి. వేరే ఆడవాళ్ళు చెబితే నేనే తోసిపారేసిన సమాధానాలు. ఒక్కటీ దానికి చెప్పబుద్ధి కాలేదు.

"నాన్న ఒక్కసారి కొట్టారు," అంది. "నువ్వు నాతో ఇరవై మూడేళ్ళూ అబద్ధం చెప్పావు. నీ చెవి చూస్తే నాకెంత జాలిగా ఉండేదో తెలుసా? ఎవరూ చెయ్యని పాపమనుకున్నా." కళ్ళు తుడుచుకుని, నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో కొట్టి, పంపించేసింది. ఆ రోజంతా వాళ్ళ నాన్నతోనూ మాట్లాడలేదు, నాతోనూ మాట్లాడలేదు. నాన్నతో రెండో రోజు మాట్లాడింది. నాతో ఇప్పటికీ ముక్తసరే.

మూడు రోజుల తర్వాత టూరు ఏర్పాట్లు చూసే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, మీకు డైవింగు ఇవ్వరండి. అడుగున అద్దాలున్న పడవ ఉంటుంది, పైనుంచి చూడొచ్చు. ఇంకోటండి, మరోలా అనుకోకండి. ఆ కారణం అన్న లైను అక్కర్లేదండి. ఈ ఫైలు కంపెనీ వాళ్ళకి కూడా వెళ్తుంది. తీసెయ్యమంటారా?"

"ఉంచండి," అన్నాను.

ఆ ఫైలు కంపెనీకి చేరాక మా ఆయన ప్రయాణం మానేశారు. నాతో ఒక్క మాట అనలేదు. అనకుండానే ఊరంతా చెప్పుకొచ్చారు. "ఆవిడకి చెవి బాగోలేదండీ. ఆవిణ్ణొదిలేసి నేనొక్కణ్ణీ ఎలా వెళ్తానండీ?"

ఆ నెలలోనే గూడెంలో ఒక డీలరు కొత్త గోడౌను తెరిచి భోజనాలు పెట్టాడు. ముగ్గురం వెళ్ళాం. ఎదుటి వరసలో డీలర్ల భార్యలు. ఒకావిడ విస్తరి మీదుగా వంగి, "ఎంత అదృష్టవంతులండీ మీరు! మీ కోసం అంత పెద్ద ట్రిప్పు వదులుకున్నారట. మావారైతే నన్ను గేటు దగ్గరే దింపేసి పోదురు," అంది.

"ఈ చెవి పగలగొట్టింది ఆయనేనండీ," అన్నాను. నా గొంతు సంగతి తెలుసుగా. వరస వరసంతా వినపడింది.

ఆవిడే ముందు నవ్వింది. "అబ్బ, ఏం నోరండీ మీది! పాపం ఆయన!" అంది. వరసంతా నవ్వింది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది.

ఆయన నా ఎడం పక్కన కూర్చున్నారు. ఏదో అన్నారు. పెదవులు కదలడం ఓరగా కనిపించింది. ఎప్పుడూ అయితే "ఏవండీ? గట్టిగా చెప్పండి," అంటూ అటు తిరిగేదాన్ని.

తిరగలేదు. వడ్డించేవాళ్ళు నా విస్తట్లో శీలావతి చేప ముక్క వేసి వెళ్ళారు. ముళ్ళు తీసుకుంటూ కూర్చున్నాను.