మాస్టరు కోసమే ఏడ్చాను

ఆ రోజు మధ్యాహ్నం ఒకామె వంకాయరంగు పట్టుచీర తెచ్చి, దానికి జాకెట్ గుడ్డ కావాలంది. మైదుకూరులో మాది మ్యాచింగ్ సెంటరు. జాకెట్ గుడ్డలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు అమ్ముతాం. చీర చూడగానే దానికి సరిపోయే గుడ్డ తాను ఏ అరలో ఉందో నా చేతికే తెలుసు. తాను లాగి బల్ల మీద పరుస్తుంటే ఫోన్ మోగింది. మా పద్యనాటకాల అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, పత్తికొండ మాస్టరు ఇక లేరని. కింద ఒక గులాబీ పువ్వు బొమ్మ.

ఆయనెవరో తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. మా కర్నూలు, కడప వైపు తిరునాళ్లలో పౌరాణిక నాటకాలు వేస్తారు. జనం కథ కోసం రారు, కథ అందరికీ తెలిసిందే. పద్యం కోసం వస్తారు. మాస్టరు పద్యం చివర రాగం ఎత్తుకుంటే పిల్లలు కూడా కదలకుండా కూర్చునేవాళ్లు. రాగం దిగగానే జనంలోంచి "వన్స్ మోర్" అని కేక లేవాలి. అప్పుడు ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ మైకు దగ్గరకు వచ్చి అదే పద్యం అందుకునేవాడు. రెండోసారి మొదటిసారిలా ఎప్పుడూ పాడలేదు. ఇంకో మెట్టు ఎక్కేవాడు. ఆ మెట్టు కోసమే మేము అరిచేది.

ఆడవాళ్లు అరవడం అప్పట్లో లేదు. నేను అరిచేదాన్ని. మగవాళ్ల వైపు కూర్చున్న మా ఆయన పక్కవాళ్లతో "మా ఇంటామెదే ఆ గొంతు" అని నవ్వుతూ చెప్పుకునేవాడు.

సరే, ఫోన్లో ఆ కబురు చదివాను. గుండె మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. దవడ లాగింది, వీపు చెమటతో తడిసిపోయింది. ఆ వచ్చినామెకు గుడ్డ ఎంత చింపి ఇచ్చానో నాకు గుర్తులేదు. మా కొట్టు పక్కనే ఖాజాబీ జాకెట్లు కుడుతుంది. ఆమె నన్ను చూసి మిషన్ ఆపేసి వచ్చింది.

"ఏమైందక్కా, మొగం అట్లయిపోయిండాదే?"

"మాస్టరు పోయినాడంట."

"అయ్యో అల్లా!" అని తనూ కూలబడింది. తనకూ ఆయన పద్యాలంటే ప్రాణం. "ఏడ్చెయ్ అక్కా, తేలికవుతాది" అంది.

ఇద్దరం ఏడ్చాం. ఆమెకు తేలికైంది. నాకు కాలేదు. ఇదంతా బాధేలే, బాధంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇదే నేను చేసిన తప్పు. మా అబ్బాయి సురేష్ ప్రొద్దుటూరు నుంచి సరుకు తీసుకుని వచ్చేసరికి వాంతి కూడా అయింది. వాడు నన్ను చూడగానే బండిలో కూర్చోబెట్టుకుని డాక్టర్ దగ్గరకు తీసుకుపోయాడు.

ఊళ్లో డాక్టర్ ఈసీజీ తీసి, కాగితం రెండుసార్లు చూశాడు. "ఎస్టీ ఎలివేషన్ ఉంది. హార్ట్ అటాక్ లాగే ఉంది. ఆలస్యం చేయకుండా కడపకు పోండి" అని, మాత్రలిచ్చి నమలమన్నాడు.

కడపలో రక్తం తీసి ట్రోపోనిన్ పాజిటివ్, అంటే గుండె కండకు దెబ్బ తగిలింది అన్నారు. మణికట్టు దగ్గర గుచ్చి యాంజియోగ్రామ్ చేశారు. చేసింది ఒక డాక్టరమ్మ, ఆమెదీ మా కడప జిల్లానే. బయటికి వచ్చి "బ్లాక్స్ ఏమీ లేవు, నాళాలు క్లీన్‌గా ఉన్నాయి" అంది. సురేష్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"అయితే గ్యాసేనా మేడమ్?"

"గ్యాస్ కాదు" అని ఆమె ఎకో చేసింది. తెర వైపు చూస్తూ పక్కనున్న సిస్టరుతో "అపికల్ బెలూనింగ్. ఈఎఫ్ థర్టీ ఫైవ్" అంది. ఈఎఫ్ అంటే గుండె ఎంత గట్టిగా పంపు కొడుతుందో చెప్పే లెక్క. అది మామూలు మనిషికి ఉండాల్సినదాంట్లో సగానికి కొంచెం పైన ఉంది నాకు. అప్పుడు మా వైపు తిరిగి అడిగింది.

"ఈ మధ్య ఇంట్లో ఎవరైనా చనిపోయినారా?"

"లేదు మేడమ్" అన్నాడు సురేష్.

"చనిపోయినారు" అన్నాను నేను.

వాడు నా మొహం చూశాడు. డాక్టరమ్మ "ఎవరమ్మా?" అంది. చెప్పాను. ఆమె నవ్వలేదు. అందుకు ఈరోజుకీ ఆమెకు నా మనసులో దండం పెట్టుకుంటాను.

"టాకోట్సుబో అంటారు దీన్ని. స్ట్రెస్ కార్డియోమయోపతి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు గుండె కింది భాగం ఉబ్బిపోయి కదలదు. మీ వయసు ఆడవాళ్లకే ఎక్కువ వస్తాది" అని కాగితం మీద బొమ్మ గీసింది. సన్నటి మెడ, కింద గుండ్రటి పొట్ట. "జపాన్‌లో ఆక్టోపస్‌లు పట్టే కుండ ఇట్లుంటాదంట, అందుకే ఆ పేరు."

"మా ఇంట్లో చెంబు కూడా ఇట్లే ఉంటాది" అన్నాను. అప్పుడు నవ్వింది.

మర్నాడు నాకు నవ్వు రాలేదు. పడుకుంటే ఊపిరాడలేదు. లంగ్స్‌లోకి నీరు చేరిందన్నారు. ఆ నీరు లాగేయడానికి లేసిక్స్ ఇంజెక్షన్లు వేసి, ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. మంచం తలవైపు ఎత్తితే తప్ప గాలి లోపలికి పోయేది కాదు. నిజం చెప్తున్నాను, చాలా భయపడ్డాను. చచ్చిపోతానేమో అనుకున్నాను. ఆ భయంలో కూడా మాస్టరు మీద కోపం రాలేదు. గ్రూపులో వాళ్ల మీద వచ్చింది. ఆయన పోయిన మర్నాడే అందరూ ఎప్పటిలాగా సూర్యుడి బొమ్మ వేసి శుభోదయం పెట్టారు.

కొంచెం తేరుకుని వార్డులోకి వచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. వచ్చినవాళ్లకు సురేష్ మెల్లగా ఒక మాట చెబుతున్నాడు. "నాయన గుర్తుకొచ్చి బాధపడినాది, అందుకే" అని. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా వదిన, ఆయన అక్క, ఆ మాట విని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇన్నేండ్లయినా మా తమ్ముడంటే ఎంత ప్రేమ చూడు" అని నా చెయ్యి పట్టుకుంది.

ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాను. "కాదు వదినా, పత్తికొండ మాస్టరు పోయినాడని" అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసింది. "ఏందీ! నాటకాలాడేవాడి కోసమా? మా తమ్ముడు పోయినప్పుడు రాలేదే ఈ గుండెనొప్పి! దినాలు కాంగానే కొట్టు తెరిచి కూర్చుంటివి కదా!"

వార్డులో పక్క మంచాల వాళ్లంతా మా వైపే చూశారు. సురేష్ తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. "వదినా, తెరవకపోతే వీడి చదువుకు నువ్వు కడ్తావుంటివా?" అన్నాను. ఆమె చరచరా వెళ్లిపోయింది.

ఆ మాట ఆమెకంటే ముందు మైదుకూరు చేరింది. మొగుడు పోతే రాని నొప్పి నాటకమాయన పోతే వచ్చిందట అని. ఇంటికొచ్చాక ఖాజాబీ నచ్చజెప్పింది. "ఎందుకక్కా ఇదంతా? బావ గుర్తుకొచ్చినాడని ఒక్క మాటంటే అందరి నోర్లూ మూసుకుంటాయి కదా."

"బావ కోసం ఏడ్వాల్సిన ఏడుపు అప్పుడే ఏడ్చినా. ఇది మాస్టరుది. ఆయనది తీసి ఈయన పేరున రాయమంటావా?" అన్నాను.

దాని గురించి తర్వాత చాలా ఆలోచించాను. మా ఆయన పోయినప్పుడు ఇల్లంతా ఏడ్చింది. వంద మంది పలకరించారు, చుట్టాలు వండి పెట్టారు, ఎవరో ఒకరు పక్కన పడుకున్నారు. ఆ దుఃఖాన్ని అందరం కలిసి మోశాం. మాస్టరు పోతే నన్ను పలకరించడానికి ఎవరొస్తారు? ఆయనకు నేనేమవుతాను? నా పేరు కూడా ఆయనకు తెలియదు. కానీ పెళ్లయిన కొత్తలో నుంచి, తల నెరిసేదాకా, నన్ను నిలబెట్టి అరిపించిన గొంతు అది. పైగా అందరూ ఒకటే మాట, వయసైపోయింది కదా, పోయాడు అని. వయసైతే ఏడుపు తగ్గించి ఏడవాలా?

ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. డిశ్చార్జి రోజు డాక్టరమ్మ "స్ట్రెస్ అవాయిడ్ చేయాల" అంది. స్ట్రెస్ అంటే మా వాళ్లకు మాస్టరే. కొట్లో చిన్న స్పీకరుకు పెట్టుకునే పెన్‌డ్రైవ్ సురేష్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. దాంట్లో ఆయన పద్యాలన్నీ ఉన్నాయి. నా ఫోన్లో గ్రూపు కూడా తీసేశాడు. "మా, నీకు దండం పెడతా, ఇంక ఇనాకు" అన్నాడు. వాడి కళ్లలో భయం చూసి నోరు మూసుకున్నాను. టీవీలో సీరియళ్లు మాత్రం చూడొచ్చట. ఆ అత్తలూ కోడళ్లూ ఒకరికొకరు విషం పెట్టుకునేది చూస్తే గుండెకు మంచిదన్నమాట!

మాత్రలు క్రమంగా వేసుకున్నాను, ఉప్పు తగ్గించాను. ఎకోలో ఈఎఫ్ పెరిగింది. అయినా మనిషిని బాగుపడలేదు. తిండి సయించేది కాదు, కొట్లో కూర్చుంటే ఎప్పుడు ఇంటికి పోదామా అనిపించేది. ఒక సాయంత్రం మళ్లీ గుండె దడ, చేతులు చల్లబడ్డాయి. ఈసారి నేనే "ఈసీజీ తీయించు" అన్నాను. తిరిగి కడప. ఈసీజీ నార్మల్, ట్రోపోనిన్ నెగటివ్.

సురేష్ డాక్టరమ్మకు నా మీద ఫిర్యాదు చేశాడు. "దొంగతనంగా ఆ పద్యాలు ఇనింటాది మేడమ్."

"ఇంటికొచ్చినప్పటి నుంచి ఒక్కటి కూడా ఇనలేదమ్మా" అన్నాను. అక్కడే, వాడి ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టింది. "పద్యాలు ఇనద్దని నేను యాడ చెప్పినా? ఏమప్పా, నేను చెప్పినానా?"

"స్ట్రెస్ వద్దంటిరి కదా మేడమ్."

"ఇష్టమైంది లాక్కుంటే అదే స్ట్రెస్. ఈమెకు ఇప్పుడు గుండె జబ్బు లేదు, యాంగ్జైటీ ఉండాది. నడవనీ, మాట్లాడనీ, ఇననీ. ఏడుపొస్తే ఏడ్వనీ. మాత్రలు మాత్రం మాన్పాకండి."

ఇంటికి రాగానే బీరువా తీసి పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు. "నువ్వు యాడ పోతావో అని భయపడినామ్మా" అన్నాడు. వాడి తల నిమిరాను. ఇంకేం చేస్తాను, కన్నకొడుకు.

పెట్టగానే హాయిగా విన్నానని అనుకోకండి. మొదటి రోజు రాగం ఎత్తుకోకముందే ఆపేశాను. మర్నాడు కొంచెం. తర్వాత డాక్టరమ్మ చెప్పిన నడకకు దీన్ని జత చేశాను. మిద్దె మీద ఒక పద్యం అయ్యేదాకా నడవడం, ఆగడం. వారం గడిచాక రెండు పద్యాలు. ఆయాసం ఎక్కడ వస్తుందో, ఏడుపు ఎక్కడ వస్తుందో నాకు వేరువేరుగా తెలియడం మొదలైంది. అది తెలిశాక భయం తగ్గింది.

కర్నూలులో మాస్టరు సంస్మరణ సభ పెట్టారని తెలిసింది. పోతానన్నాను. వదిన ఫోన్ చేసి మరీ తిట్టింది. సురేష్ మాత్రం బీపీ మిషన్ సంచిలో వేసుకుని కారు తీశాడు. ఖాజాబీ కూడా వచ్చింది.

హాలంతా మా వయసు వాళ్లే. మోకాళ్ల నొప్పులు, షుగరు మాత్రలు, మెడలో కండువాలు. ఉపన్యాసాలు చాలాసేపు సాగాయి. మాస్టరు పద్యం ఒక్కటి కూడా రానివాళ్లు ఆయన గొప్పతనం గురించి మాట్లాడారు. చివర ఆయన శిష్యుడు హార్మోనియం పక్కన నిలబడి పద్యం అందుకున్నాడు. బాగా పాడాడు. రాగం దిగింది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. అతను దండం పెట్టి వెనక్కి అడుగు వేశాడు. అచ్చం ఆయన వేసినట్టే వేశాడు, పాపం, ఎదురుచూస్తూ. ఒక్క కేకా లేవలేదు.

నేను లేచి నిలబడ్డాను. "వన్స్ మోర్!"

ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగాడు. "ఇది సంస్మరణ సభమ్మా, కూర్చోండి."

"అందుకే అరుస్తాండా" అన్నాను. ఇంకా గట్టిగా మళ్లీ అరిచాను. పక్కన ఖాజాబీ లేచింది. వెనక ఎవరో ముసలాయన కర్ర నేలకు కొట్టి "వన్స్ మోర్" అన్నాడు. తర్వాత ఎవరు ఎక్కడ అరిచారో తెలియదు, హాలు దద్దరిల్లింది. శిష్యుడు కళ్లు తుడుచుకుని మైకు దగ్గరకు వచ్చాడు. రెండోసారి ఇంకో మెట్టు ఎక్కబోయాడు. గొంతు అందలేదు, జీర వచ్చింది. ఎక్కబోయాడు, నాకు అదే చాలు.

సురేష్ నా మణికట్టు పట్టుకుని కంగారుగా నాడి చూస్తున్నాడు. "ఎట్లుండాది మా?"

"కొట్టుకుంటాంది. కూర్చో, పద్యం ఇను" అన్నాను.

ఇప్పుడు నా ఈఎఫ్ సిక్స్టీ. చిన్న మాత్ర ఒకటి పొద్దున వేసుకుంటాను, అంతే. కొట్లో స్పీకరు మోగుతూనే ఉంటుంది. వదిన వాళ్లింట్లో పెళ్లి చీరలకు జాకెట్ గుడ్డలు కావాలని వచ్చి, ఆ సౌండు తగ్గించమంది. తగ్గించలేదు. గుడ్డలు మాత్రం మంచివి ఇచ్చాను.

నా వయసు వాళ్లకు ఒక్క మాట. మీరు ప్రాణంగా విన్న గొంతు ఆగిపోయిందన్న కబురు మీకూ వస్తుంది, నాకు మళ్లీ వస్తుంది. ఆ రోజు గుండె బరువెక్కితే, దవడ లాగితే, చెమట పడితే, అది బాధేనని మీకు మీరే తేల్చుకుని గోడకు ఆనుకుని కూర్చోకండి. ముందు ఈసీజీ తీయించుకోండి. ఏమీ లేదంటే ఇంటికొచ్చి కడుపారా ఏడవండి. ఎవరి కోసమని అడిగితే, ఎవరి కోసం ఏడుస్తున్నారో వాళ్ల పేరే చెప్పండి.