బొజ్జ మీద పొదిగిన గుడ్లు

నేను గుడ్లు పొదిగాను. నవ్వకండి. ఇరవై ఒక్క గుడ్లు, ఇరవై ఒక్క రోజులు, ఈ బొజ్జ మీద పెట్టుకుని, కదలకుండా మెదలకుండా పొదిగాను. భవానీపురంలో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. వాళ్లకి చెప్పింది నేనే కాబట్టి.

సరే. నోటితో చెప్పిన గొప్ప సాయంత్రానికి చల్లారిపోతుంది గాని, అచ్చులో వేసిన అబద్ధం నాకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. అందుకని ఆ లెక్క దించుకుంటున్నాను. పొదిగింది కోడి, పంతొమ్మిది రోజులు. నేను పొదిగింది ఒక్క పూట. గుడ్లు ఆరు. అయితే ఆ పూట నేను విన్నదాన్ని పెంచి చెప్పడం మాత్రం నా వల్ల కాదు. అది ఉన్నదున్నట్టే చాలా పెద్దది.

కోడి మా ఆవిడది. పెళ్లయిన కొత్తలో దివిసీమలోని పుట్టింటి నుంచి గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్న పెట్ట సంతతి. బూడిదరంగు ఒళ్లు, మెడ చుట్టూ పసుప్పచ్చ ఈకలు. మేం ఇళ్లు మారాం, నేను బట్టలకొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాను, ఆ వంశం మాత్రం ఏ డాబా మీదైనా సాగుతూనే వచ్చింది. చివరికి ఒక్క పెట్ట మిగిలింది. పోయిన మాఘమాసంలో అది పొదుగుకొచ్చింది. పుంజు పక్కింటివాళ్లది. వాళ్లని అడగలేదు, అదే వచ్చింది.

మా ఆవిడ గంపలో ఊక పోసి, పైన గడ్డి పరిచి, తొమ్మిది గుడ్లు పెట్టింది. ఎప్పుడూ బేసి లెక్కే. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయని పక్కన ఒక బొగ్గుముక్క, ఒక ఇనుప మేకు ఉంచింది.

“మాఘమాసంలో ఉరుములేమిటే?” అన్నాను.

“మీరున్నారుగా ఇంట్లో” అంది.

పంతొమ్మిదో రోజు పొద్దున ఆవిడ కూరలకి వెళ్లింది. పాలాయన వచ్చాడు. పొదుగు మీదున్న కోడికి ఎంత పౌరుషం ఉంటుందో ఆయనకి చూపించాలని నాకు బుద్ధి పుట్టింది. డాబా మీదకి తీసుకెళ్లి, రెండు చేతులతో కోడిని గంపలోంచి పైకి లేపాను. అది నా మణికట్టు మీద ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. వదిలేశాను. మెట్ల తలుపు తీసే ఉంది. కోడి దిగి వీధిలోకి పోయింది. వీధిలో కుక్క ఉంది. అంతే.

మా ఆవిడ రాగానే, “మేతకని దిగిందే, కుక్క పట్టేసింది” అన్నాను. నేను లేపిన మాట చెప్పలేదు. ఆవిడ ఏడవలేదు. సంచీ అక్కడే వదిలేసి గబగబా మెట్లెక్కింది. ఒక గుడ్డు తీసి, కళ్లు మూసుకుని, కనురెప్పకి ఆనించుకుంది.

“చల్లబడిపోతున్నాయండీ. ఇంక ఆ జాతికి మిగిలినవి ఇవే.”

బేసిన్లో గోరువెచ్చటి నీళ్లు పోసింది. ప్రాణమున్నవేవో తేల్చుకోడానికి వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పనట. పెంకు ఎక్కడా చిట్లలేదని ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసి, నీళ్లలోకి వదిలింది. నీళ్లు కుదుటపడేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అప్పుడు ఒక గుడ్డు కదిలింది. గాలి లేదు, ఎవరి చెయ్యీ తగల్లేదు. లోపల ఎవరో నిద్రలో ఒత్తిగిల్లినట్టు మెల్లగా ఊగింది. దాని చుట్టూ నీటి మీద దారంలాంటి సన్నని వలయం లేచింది. ఆ వెంటనే ఇంకొకటి. డెబ్బై దాటిన మనిషిని, ఎన్ని వేల గుడ్లు తిని ఉంటానో. గుడ్డు తనంతట తాను కదలడం నేను చూడటం అదే మొదలు. నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఆవిడ చూడటమూ అదే మొదలు.

ఆరు ఊగాయి. మూడు రాళ్లలా ఉండిపోయాయి. ఆ మూడింటినీ ఆవిడ చూస్తున్న చూపు భరించలేక, “అదుగో, ఏడోది కూడా!” అన్నాను. నిజంగానే ఊగుతోంది.

“బేసిన్ పక్కనుంచి కాలు తీయండి” అంది.

తీశాను. అది ఆగిపోయింది.

ఆరింటినీ తుడిచి ఒళ్లో పెట్టుకుంది. “కోడెందుకు, నేను మిషను చేస్తాను” అన్నాను. ఇంట్లో ఉన్న థర్మోకోల్ పెట్టెలో పాత తువ్వాలు పరిచి, గుడ్లు పెట్టి, మూతకి చిల్లు చేసి బల్బు దించాను. స్విచ్చి వేస్తే లోపలంతా పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. “కోడికన్నా ఇదే నయం, పొడవదు” అని కూడా అన్నాను. ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ తెలీదు. గంటసేపు దాని ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఆటోనగర్‌లో లారీల కరెంటు పనిచేసే మెకానిక్కుకి ఫోన్ చేశాను. కొట్టు రోజుల నుంచీ తెలిసినవాడు. అతనికి నా మిషను గురించి గొప్పగా చెప్పాను.

“బాబాయ్ గారూ, ఏం బల్బు పెట్టారు?”

“ఎల్ఈడీ. సరికొత్తది.”

“దానికి వెలుతురే గాని వేడేదండీ? గుడ్లకి చదువు చెబుతున్నారా? ముందు బయటికి తీయండి. నేను బయల్దేరుతున్నా.”

పెట్టెలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఇంట్లో పాతరకం బల్బు ఒక్కటి లేదు. కరెంటు ఆదా అని అన్నీ నేనే మార్పించాను.

మా ఆవిడ నా వైపు చూసింది. “చొక్కా విప్పి పడుకోండి.”

“ఎందుకూ?”

“పడుకోండి.”

పడుకున్నాను. ఆరు గుడ్లూ తెచ్చి నా బొజ్జ మీద పేర్చి, చుట్టూ తువ్వాలు చుట్టి, పైన శాలువా కప్పింది. “ఇన్నాళ్లకి దీనికొక పని దొరికింది” అంది. ఊపిరి పీలిస్తే గుడ్లు లేస్తాయి, వదిలితే దిగుతాయి. తుమ్మొస్తే మింగేశాను. దురద పుడితే ఓర్చుకున్నాను. కోడి ఇరవై ఒక్క రోజులు ఎలా కూర్చుంటుందో మొదటిసారి ఆలోచించాను.

కొంతసేపటికి శాలువా లోపల్నుంచి ఒక గొంతు వచ్చింది. కియ్ అని. మళ్లీ, కియ్. నేను తడిమి చూశాను. ఏ గుడ్డూ పగల్లేదు. సున్నపురాయిలా నున్నగా మూసుకుని ఉన్న పెంకు లోపల్నుంచి వస్తోంది.

“ఏమే! మాట్లాడుతోంది!”

ఆవిడ వంగి, నాలుక అంగిలికి కొట్టి, తల్లికోడి పిలిచినట్టు “కొక్, కొక్” అంది. లోపల్నుంచి జవాబొచ్చింది. పక్కగుడ్డు కూడా అందుకుంది. ఇంకా పుట్టలేదు, వెలుగు చూడలేదు, పిలిస్తే పలుకుతున్నాయి. ఆ పలుకు చెవికన్నా ముందు నా పొట్ట చర్మానికి తగిలింది. అవి పిలుస్తున్నది దేన్నో నాకు తెలుసు.

“కోడిని నేనే లేపానే” అన్నాను. “పాలాయనకి చూపిద్దామని.”

“తెలుసు. ఆయన సందు మొదట్లోనే చెప్పాడు.”

“మరి అడగలేదేం?”

“అడిగితే ఇంకో కథ చెబుతారు. కదలకండి.” శాలువా అంచు నా నడుం కింద దోపింది. ఆ తర్వాత నా పక్కనుంచి లేవలేదు.

మెకానిక్కు లారీ ఇండికేటర్ బల్బులు రెండు, ఒక బ్యాటరీ పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి, “బాబాయ్ గారూ, ఎన్నో నెలండీ?” అన్నాడు. తర్వాత కూర్చుని బల్బులు బిగిస్తూ, “ఇంజను వేడెక్కిందని ఫోన్లొస్తాయి గాని, వేడెక్కట్లేదని రావడం ఇదే మొదలు” అన్నాడు. జ్వరం చూసే థర్మామీటరు పెట్టి, మూత సందు పెంచుతూ తగ్గిస్తూ వేడిని నూరు దగ్గర నిలిపాడు. మనకైతే మాత్ర వేసుకునే వేడి, గుడ్డుకి అదే ఆరోగ్యం. గుడ్లకి తేమ తగలాలని మా ఆవిడ ఒక గిన్నెలో తడిగుడ్డ వేసి పెట్టెలో ఉంచింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఒక గుడ్డు మీద నువ్వుగింజంత బీట కనిపించింది. మధ్యాహ్నానికి నాలుగు పిల్లలు బయటపడ్డాయి. ఒక గుడ్డు పలకనేలేదు. ఆరోది ముక్కు కొస బయటపెట్టి ఆగిపోయింది. గంట గడిచింది, రెండు గంటలు.

“గోటితో కొంచెం ఒలిస్తే?”

“ఒలిస్తే నెత్తురు కారి చస్తుంది. దాని పని దాన్ని చేసుకోనివ్వండి.”

నా చేతుల సంగతి నాకు తెలుసు కనుక వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అది మళ్లీ మొదలుపెట్టింది. లోపల కొద్దికొద్దిగా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ కొడుతూ, పెంకు చుట్టూ గుండ్రంగా కోసుకుంటూ వచ్చింది. నలభై ఏళ్లు కత్తెర పట్టి తానులు కోసినవాణ్ణి. వెలుగులో, గజంబద్ద పెట్టుకుని కోసినా నాకు వంకర పోయేది. దానికి కత్తెర లేదు, చోటు లేదు, చూపించినవాళ్లు లేరు. కోత పూర్తయ్యాక ఒక్కసారి కాళ్లతో తన్నింది. టోపీలా పెంకు లేచిపోయింది. తడిసిన గుడ్డపేలికలా ఒకటి జారిపడి, అలాగే ఉండిపోయింది.

“చచ్చిపోయిందే!”

“అలిసిపోయింది. మీరు పుట్టగానే లేచి కొట్టుకెళ్లారా?”

కాసేపటికి తల ఎత్తబోయింది. బరువుకి ఆగలేక వాలిపోయింది. మళ్లీ ఎత్తింది. మా ఆవిడ పెట్టె మీదికి వంగి మెల్లగా పిలిచింది. కళ్లు సరిగా తెరవని ఆ తడిముద్ద, మెడ తిప్పి, ఆ గొంతు వైపు పాకడం మొదలుపెట్టింది. నేను తొడల కిందనుంచి చేతులు తీయలేదు.