బంద్, వదినా

మా మరిది పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఆ కబురు తొర్రూరు దాటి అన్ని ఊళ్లకూ చేరలేదు. కాలిపోయిన బోరు మోటార్లు ఆటోలో వేసుకొని ఇంకా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. "మిస్త్రీ ఉన్నడా అవ్వా?" అంటారు. లేడంటాను. "ఎప్పుడొస్తడు?" అంటారు. బడిలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి, ఎలాంటి ప్రశ్నకైనా నిలబడ్డదాన్ని. ఈ ప్రశ్న దగ్గర మాత్రం గేటు పట్టుకొని నిలబడిపోతున్నాను.

ఆయన నా భర్తకు తమ్ముడు. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే, వాకిలి ఒకటే. పదో తరగతిలో సైన్సు ఒక్కటి తప్పాడు. ఆ పాఠం చెప్పింది నేనే. ఆ తప్పు ఎవరిదన్నది మా ఇంట్లో నలభై ఏళ్లు తేలలేదు. తర్వాత మోటార్లకు తీగ చుట్టే పని నేర్చి, నాలుగు చేతులు మారిన పాత కారొకటి కొన్నాడు. అది పదిరోజులు నడిస్తే నాలుగు రోజులు వాకిట్లో నోరు తెరుచుకొని ఉండేది. ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. "మెకానిక్ కాడికి పోతే నా బండి ఆయన బండైతది వదినా" అనేవాడు.

ఇంజనులో మెరుపు కొట్టే ప్లగ్గు కొసల మధ్య సందు ఎంత ఉండాలో కొలవడానికి బజారులో పరికరం దొరుకుతుంది. ఆయనకు అక్కర్లేదు. ఇంటికి వచ్చిన పెళ్లి కార్డులే చాలు. ఒకసారి నా చేతిలోని కార్డు లాక్కున్నాడు.

"ఎవలది వదినా పెండ్లి?"

"మా బడి అటెండర్ బిడ్డది. ఇటియ్యి, రేపు పోవాలె."

"తారీఖు యాదికి పెట్టుకో. మందం మస్తుగున్నది, గ్యాస్ బండికి ఈ సందే కావాలె."

ఆ కార్డు ముక్కలైంది. మర్నాడు నేను ఫంక్షన్ హాలు పేరు గుర్తులేక, వేరే హాల్లోకి వెళ్లి, ఎవరిదో పెళ్లిలో అక్షింతలు వేసి భోంచేసి వచ్చాను. కూరలు బాగున్నాయని చెప్పాను. ఆయన మూడు రోజులు నవ్వాడు.

కారు పెట్రోల్ బదులు గ్యాస్‌తో నడిచే కిట్టు అంతకుముందే వరంగల్‌లో వేయించాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, అక్షరం వదలకుండా నేనే చదివాను. అప్పటినుంచీ పెట్రోల్ పోయించడమే మరిచిపోయాడు, ట్యాంకు ఎండిపోయింది. ముందు పెట్రోల్ మీద లేపి తర్వాత గ్యాస్ మీద వేయాలని పుస్తకంలో ఉందంటే, "పుస్తకం రాసినోనికి నా బండి తెల్వది" అని నేరుగా గ్యాస్ మీదే లేపేవాడు. గ్యాస్ అంత తేలిగ్గా అంటుకోదు, దానికి గట్టి మెరుపు కావాలి అన్నది ఆయన పాఠం. ఒకరోజు రబ్బరు తొడుగు నా చేతికి వేసి, వైరు తగిలించిన ప్లగ్గు పట్టుకోమన్నాడు.

"బోర్డు మీద మెరుపు గీసుడు అల్కగనే ఉంటది. ఇప్పుడు చూడు."

ఆయన తాళం తిప్పాడు. ప్లగ్గు కొస మీద చిన్న నీలం చుక్క టపటపమని కొట్టింది. ముప్పై ఏళ్లు నేను బొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి, పిల్లల చేత వల్లె వేయించిన వస్తువును మొదటిసారి చూశాను. నాకు అరవై రెండేళ్లు. "నీలంగ కొడితే బండి పానం మంచిగున్నట్టు, పసుపుగ కొడితే రోగం" అన్నాడు. "ఇంజను ఆడి ఆగిపోయిందంటే ముందుగాల కాయిల్ వైరు చూడు. ఆ తర్వాత ప్లగ్గు చూడు." నేను తలూపాను. నా తరగతిలో ఆయన ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు. ఆ తర్వాత మార్కెట్ యార్డులో నాకు కారు నడపడం కూడా నేర్పాడు. ఆ వయసులో నాకు కొత్తగా ఏదైనా నేర్పాలని తోచిన మనిషి ఆయనొక్కడే.

ఆయన భార్యకు, అంటే మా తోడికోడలికి, వీధి మొదట్లోనే ఆ కారు చప్పుడు తెలిసేది. చెంబుతో నీళ్లు తెచ్చి గడపలో నిలబడేది. ఆయన సగం తాగి, ఇంజను ఆపకుండానే చెంబును బానెట్ మీద పెట్టేవాడు. నీళ్లు ఎగిరిపడితే ఏదో ప్లగ్గు తప్పుతున్నట్టు. సన్నగా వణికితే, "సాఫ్" అని ఒక్క మాట అని అప్పుడు ఆపేవాడు.

నాకు మాత్రం డిక్కీలో ఉన్న ఆ సిలిండర్ అంటే భయం. పడుకునే గదికి పది అడుగుల దూరం.

"బండి పెట్టినంక సిలిండర్ బంద్ చెయ్యాలె" అన్నాను.

"తాళం తీస్తె దానికదే బంద్ అయితది వదినా. గది వంటింటి సిలిండర్ గాదు."

"నాకు చెప్పకు. చేత్తోని తిప్పి బంద్ చెయ్యి. లేకుంటే నీ బండి ఎక్క."

"గ్యాస్ బంద్ చేసినవా?" అని కాగితం మీద బడి అక్షరాలతో రాసి డిక్కీ మూత లోపల అంటించాను. ఆయన నాతో వాదించి గెలవగలడు. ఆ విషయంలో శాస్త్రం కూడా ఆయన వైపే ఉంది. అయినా రోజూ సాయంత్రం డిక్కీ తెరిచి వాల్వు తిప్పి, నా కిటికీ వైపు కేకేసేవాడు. "బంద్, వదినా." నా భయాన్ని అంత ఓపికగా మోసినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆ రోజు మధ్యాహ్నం వాకిట్లో చేతులు కడుక్కుంటూ ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఇంకొకరిని దవాఖానలో దించి బయలుదేరుతుందన్నారు. వీధిలో ఆటో లేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. కారు ఎదురుగా ఉంది, నడపడం నాకు వచ్చు. తోడికోడలూ నేనూ కలిసి ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. నాలుగు క్షణాలు ఆడింది. ఆగింది. మళ్లీ తిప్పితే ఉత్తగా తిరుగుతోంది తప్ప అందుకోలేదు.

ఆడి ఆగిపోయింది. అయితే కాయిల్ వైరు. నేను మంచి విద్యార్థిని. బానెట్ లేపి వైరు బిగించాను. రాలేదు. తర్వాత ప్లగ్గు. తొడుగు వేసుకొని, పానా వెతికి ప్లగ్గు విప్పి, తోడికోడలిని తాళం తిప్పమన్నాను. మెరుపు నీలంగా, అందంగా కొట్టింది. మళ్లీ బిగించాను. మళ్లీ తిప్పాను.

వెనక సీట్లోంచి "బంద్" అన్నాడు. కాసేపటికి ఊపిరి కూడదీసుకొని మళ్లీ అన్నాడు. "బంద్, వదినా."

ఇక చాలు, ఆపేయమంటున్నాడు అనుకున్నాను.

"బంద్ లేదు గింద్ లేదు. నోరు మూసుకొని పండుకో" అన్నాను.

నేను ఆయనతో అన్న చివరి మాట అది. ఇరవై నిమిషాలకు ఎవరిదో ఆటో దొరికింది. వరంగల్ దారిలో రాయపర్తి దాటాక తోడికోడలు నా వైపు చూసింది. నేను నాడి చూశాను, అందలేదు. అయినా చేయి వదలలేదు. దవాఖానలో డాక్టరు, ఇంకొంచెం ముందు తెస్తే ఏమయ్యేదో చెప్పలేదు. నేను అడగలేదు.

పదకొండో రోజు విస్తరాకుల కట్టలు పెట్టడానికి డిక్కీ తెరిచాను. నా అక్షరాలు నన్ను అడిగాయి. గ్యాస్ బంద్ చేసినవా? కింద సిలిండర్ మీద వాల్వు గట్టిగా బిగించి ఉంది. పైపులో మిగిలిన కాస్త గ్యాస్‌తోనే ఇంజను ఆ నాలుగు క్షణాలు ఆడింది. ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం విన్న మాటనే ఆ మధ్యాహ్నం నాకు అర్థం చేసుకోవడం రాలేదు. పిల్లలు ప్రశ్న సరిగ్గా చదవలేదని ఎంతమందికి మార్కులు కోశానో లెక్కలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనాలంటే తెలియాలి కదా. ఆ డిక్కీ మూసి, విస్తళ్లు వేసి వడ్డించి, వచ్చినవాళ్లకు నెయ్యి వేసుకొమ్మని చెప్పాను. పెద్దామె ఎంత గట్టి మనిషి అనుకున్నారు. అప్పటినుంచి దేవుడి ముందు కూర్చుంటే అడగడానికి ఏదీ మిగల్లేదు.

నిన్న పొద్దున వెళ్లి వాల్వు తెరిచాను. ఇదొక్కటే కారణమా, ఇంకేదైనా ఉందా అని చూడాలనిపించింది. ఇంకేదో ఉండాలని మొక్కుకుంటూ తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది.

చప్పుడు విని తోడికోడలు గడపలోకి వచ్చింది. చేతిలో చెంబు ఉంది. ఆ చప్పుడు వింటే చెంబు ముంచడం ఆమె చేతులకు అలవాటు. సీట్లో నన్ను చూసి అక్కడే నిలబడింది.

"బండి ఎట్ల చాలైందక్కా?"

"గ్యాస్ బంద్ ఉండె చెల్లె."

"ఎవలు చేసిండ్రు?"

"ఆయనే. నేను చెయ్యమన్న. ఆనాడు గదే చెప్పిండు, నాకు సమజ్ కాలె."

ఆమె వచ్చి, ఆయన రోజూ పెట్టే చోట, బానెట్ మీద దాన్ని పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

నీళ్లు సన్నగా, సమంగా వణుకుతున్నాయి. ఆయన ఉంటే సాఫ్ అనేవాడు. తాళం మీద చేయి పెట్టుకొని కూర్చున్నాను. బంద్ చేయడానికి చేయి రాలేదు.