నోరిస్ కోసం పెట్టిన కెటిల్

హాలీఫాక్స్‌లో మా వీధివాళ్ళ నోటికి అడ్డు లేదు. నేను కొత్త కర్టెన్లు కట్టుకుంటే, "ఆస్పత్రిలో దుప్పట్లు మిగిలాయని ఇచ్చారా?" అని గ్లెనిస్ సట్‌క్లిఫ్ నడివీధిలో అడిగింది. పెళ్ళి కేకు ఎండిపోయిందని పెళ్ళికూతురి ముఖం మీదే చెప్పగల జనం. అలాంటి వీధి వీధంతా కలిసి ఒక్క మాట ఒక్క మనిషికి చెప్పలేక చలికాలమంతా నానా అవస్థా పడింది. నోరిస్ ఆక్రాయిడ్‌కి వినికిడి తగ్గిందన్నదే ఆ మాట.

నోరిస్ మా గ్యాస్ మెకానిక్. పొడుగాటి మనిషి, బుర్రుపిట్ట గూళ్ళలాంటి కనుబొమలు. ఎవరూ అడక్కపోయినా గుమ్మంలోనే బూట్లు విప్పి, చిల్లు మేజోళ్ళతో వంటగదిలోకి వచ్చి, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ కింద పాత దుప్పటి పరిచేవాడు. ఆడవాళ్ళందరినీ 'బంగారం' అనేవాడు. వాళ్ళావిడ బెరిల్‌నీ అదే, చర్చి ఫాదరు గారి తల్లినీ అదే. ఎవరి బాయిలర్‌ని ఎప్పుడు గోడకి ఎక్కించాడో, దాని గుణమేమిటో అన్నీ తెలుసు. "మార్జరీ వాళ్ళది కాస్త నస, కానీ మనసు మంచిది" అనేవాడు. అది మా వీధి మార్జరీని అన్నాడో, బాయిలర్‌ని అన్నాడో ఎవరూ రెట్టించేవాళ్ళు కాదు.

మూత తీయకముందే జబ్బు చెప్పడం అతని గొప్ప. చెవి ఒగ్గి నిలబడేవాడు. బటన్ నొక్కగానే ముందు ఫ్యాను రొదపెట్టాలి. ఆ తరవాత టిక్ టిక్ టిక్‌మని స్పార్క్. దాని వెంటే గ్యాస్ తెరుచుకుని బుఫ్ఫుమని మంట. ఈ వరసలో ఏది వినపడలేదో అక్కడే చెయ్యి పెట్టాలి. ఈ పాఠం మాకందరికీ టీ తాగుతూ ఎన్నిసార్లు చెప్పాడో. మా వీధిలో పదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి కర్రపట్టుకు నడిచేవాళ్ళదాకా అందరికీ ఆ వరస కంఠతా వచ్చు. అదే కొంప ముంచింది: అతనికి వినపడని టిక్కు మా అందరికీ వినపడుతోంది.

ఎప్పుడో క్లబ్బులో బీరు గ్లాసు పట్టుకుని, "ఆ టిక్కు నాకు వినపడని రోజున పనిముట్ల సంచీ మేకుకి తగిలించేస్తా, పని మానేస్తా" అన్నాడట. అడిగినవాడు లేడు, ఒట్టు పెట్టించుకున్నవాడూ లేడు. కానీ నోరిస్ మాటంటే మాటే. ఒకసారి సిగరెట్ మానేస్తానని జనం ముందు అన్నాడు, ఆ క్షణం నుంచి ముట్టలేదు, చేతిలో వెలుగుతున్నదాన్ని కూడా.

మొదట కనిపెట్టింది బెరిల్. ఓవెన్ టైమరు కీచుకీచుమని అరుస్తుంటే, దాని ఎదురుగానే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. కేకు బొగ్గయింది. "లావు చప్పుళ్ళన్నీ వినపడతాయే, సన్నవే పోయాయి" అని బెరిల్ గ్లెనిస్‌తో అంది. "ఆ సంచీ లేకపోతే ఆయన ఏమైపోతాడో నాకు తెలీదు. రిటైరైన మా బావ పొద్దస్తమానం కిటికీలోంచి చెత్తబండి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు."

గ్లెనిస్‌కి చెబితే చాటింపు వేసినట్టే. వారం తిరక్కుండా వీధంతా కుట్రలో చేరింది.

టీ నీళ్ళు కాచే కరెంటు కెటిల్ ఆలోచన మార్జరీది. నోరిస్ బాయిలర్ బటన్ మీద వేలు పెట్టగానే ఇక్కడ కెటిల్ స్విచ్ నొక్కాలి. ఆ హోరులో వినపడకపోవడం ఎవరికైనా సహజమే. "కెటిల్ గోల, బంగారం, ఇంకోసారి నొక్కుతా" అనేవాడు నోరిస్. ఆ రెండోసారికి మార్జరీ గోడ గడియారం వైపు తిరిగి, తనలో తను అనుకుంటున్నట్టు, "హమ్మయ్య, టిక్కుమంటోంది పాపం" అనేది. పని జరిగిపోయేది. నోరిస్ మాత్రం ఇళ్ళన్నీ తిరిగేసరికి టీతో నిండిపోయి, ప్రతి ఇంట్లోనూ బాత్రూం ఎక్కడని అడగాల్సి వచ్చేది. ఎక్కడుందో ముప్పై ఏళ్ళుగా తెలుసు, అయినా మర్యాద కొద్దీ అడిగేవాడు.

ఇలా నడిచిపోతుండగా, గడ్డి మీద మంచు గడ్డకట్టిన ఓ మంగళవారం గ్లెనిస్ బాయిలర్ ఆగిపోయింది.

గ్లెనిస్ బడి వంటశాలలో వండి రిటైరైన మనిషి. కర్టెన్ల గురించి అనగలదు గానీ నటించలేదు, పుట్టి బుద్ధెరిగి ఒక అబద్ధం ఆడలేదు. కెటిల్ అయితే పెట్టింది. గడియారం వైపు కూడా తిరిగింది. నోట్లోంచి మాట మాత్రం రాలేదు. నోరిస్ విన్నాడు: ఫ్యాను ఉంది, మంట లేదు, మధ్యలో నిశ్శబ్దం. "స్పార్క్ రావటంలేదు" అని తేల్చి, స్పార్క్ కొట్టే కడ్డీ మార్చాడు. వెలగలేదు. బుధవారం దానికి వెళ్ళే వైరు మార్చాడు. వెలగలేదు. "అయితే లోపలి సర్క్యూట్ బోర్డే పోయింది. తెప్పిస్తా. అందాకా కాస్త ఓర్చుకో బంగారం" అన్నాడు. బాయిలర్ అతని వీపు వెనకే టిక్ టిక్ టిక్‌మని మొత్తుకుంటూనే ఉంది.

గురువారం నేను గది వెచ్చబెట్టే కరెంటు హీటరు పట్టుకెళ్ళేసరికి గ్లెనిస్ కోటూ టోపీ వేసుకుని, వేడినీళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"చెప్పెయ్యరాదూ" అన్నాను.

"నువ్వు చెప్పు."

"నా బాయిలర్ కాదుగా."

"నా మనిషీ కాదుగా. చెబితే సంచీ తగిలించేస్తాడు. తరవాత బెరిల్ ముఖం నేనెట్లా చూసేది?" వేడినీళ్ళ సంచీ అటుతిప్పి పెట్టుకుంది. "చలికి ఎవరూ చావరులే. మా అమ్మ అయితే లోపలి బట్టల్ని అక్టోబరులో ఒంటిమీదే కుట్టేసేది, మే నెలదాకా విప్పేది కాదు."

శుక్రవారం కొత్త బోర్డు పట్టుకుని నోరిస్ వచ్చాడు. తోడు ఉండమని గ్లెనిస్ నన్ను పిలిచింది. నోరిస్ బూట్లు విప్పాడు, దుప్పటి పరిచాడు. గ్లెనిస్ ఇచ్చిన టీ కప్పు ఎడమచేత్తో పట్టుకున్నాడు. బోర్డు మార్చేముందు ఒక్కసారి చూద్దామని కుడిచేత్తో బటన్ నొక్కాడు. అలవాటు కొద్దీ గ్లెనిస్ కెటిల్ స్విచ్ నొక్కింది.

నోరిస్ చేతిలో కప్పు వైపు చూసుకున్నాడు. నిండుగా, పొగలు కక్కుతోంది. నా చేతిలో కప్పు చూశాడు. గ్లెనిస్ కప్పు బల్లమీద ఉంది, అదీ నిండుగానే.

"ఇది ఎవరికి పెట్టావ్?" అన్నాడు.

గ్లెనిస్ గడియారం వైపు తిరిగింది.

నోరిస్ నిదానంగా వెళ్ళి కెటిల్ స్విచ్ ఆపాడు. "మార్జరీ కూడా ఇట్లానే పెడుతుంది. పోస్టాఫీసు పక్కావిడా అంతే. నేను బటన్ మీద వేలు పెట్టినప్పుడల్లా ఈ వీధికి దాహం వేస్తోంది, ఎందుకో అనుకున్నా." తిరిగొచ్చి మళ్ళీ బటన్ నొక్కాడు. ఫ్యాను రొద మొదలైంది. గదిలో ఇంకే చప్పుడూ లేదు, ఆ టిక్కు తప్ప.

"టిక్కుమంటోందా, గ్లెనిస్?"

"అంటోంది, నోరిస్."

"ఎప్పట్నుంచి?"

"మంగళవారం నుంచి."

అతను నా వైపు తిరిగాడు. "నీకూ వినపడుతోందా, బంగారం?" నేను గ్లెనిస్ కర్టెన్లని శ్రద్ధగా చూశాను. నావాటికన్నా మంచివేమీ కావు.

నోరిస్ టీ కప్పు బల్లమీద పెట్టాడు. సంచీ కాళ్ళ దగ్గర ఉంది. దాన్ని తీసుకుని వెళ్ళిపోతాడేమోనని ముగ్గురికీ అనిపించింది, అతనితో సహా.

"నాలుగు రోజులు చలిలో కూర్చున్నావా?" అన్నాడు చివరికి. "ఈ మాట చెప్పలేక?"

"నాకెట్లా చెప్పాలో తోచలేదు."

"నా పెళ్ళిలో నా సూటు చూసి శవపేటిక మోసేవాడిలా ఉన్నానన్నావ్."

"అది వేరు. అది సూటు."

నోరిస్ ముక్కుతో నవ్వాడు. ఆ తరవాత ముఖం మారింది, తన పనిమీదకి వచ్చిన మనిషి ముఖం. "స్పార్క్ ఉంది, మంట లేదు. అంటే లోపలికి గ్యాసే రావటంలేదు. నేనేమో మంచి కడ్డీ తీసి మంచి కడ్డీ పెడుతున్నా." మోకాళ్ళు పటపటలాడించుకుంటూ కూర్చుని కింది మూత తీశాడు. గ్యాసు తెరిచే వాల్వు మీదికి పైనుంచి చుక్క చుక్కగా నీరు దిగుతోంది. వేడి పొగ చల్లారి నీరై, గొట్టంలో పోవలసింది రబ్బరు బిళ్ళ అరిగి ఇటు కారింది. ఆ పుల్లనీళ్ళకి వాల్వు ప్లగ్గులో రాగి ముక్క పచ్చగా చిలుము పట్టి ఉంది. కరెంటు అందక వాల్వు తెరుచుకోవటంలేదు, అంతే.

చిలుము గీకి, తుడిచి ఆరబెట్టాడు. రబ్బరు బిళ్ళ మార్చాడు. అంతా బిగించాక, బటన్ మీద వేలు పెట్టి ఆగాడు.

"ఇట్లా రా, గ్లెనిస్. నా భుజం మీద చెయ్యి పెట్టు. అది టిక్కుమన్నప్పుడల్లా తట్టు."

గ్లెనిస్ టోపీ తీసి బల్లమీద పెట్టింది, అదేదో గుడిలో పనైనట్టు. వెళ్ళి అతని వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. నోరిస్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. గ్లెనిస్ వేళ్ళు కదిలాయి: తట్టు, తట్టు, తట్టు. నోరిస్ కళ్ళు మూసుకున్నాడు. బుఫ్ఫుమని మంట అంటుకుంది.

"అది నాకు వినపడింది" అన్నాడు.

గ్లెనిస్ ఇంకా తడుతూనే ఉంది. నోరిస్ కూడా వెంటనే ఆపమనలేదు. రేడియేటర్లు లోపల్లోపల టకటకమంటూ వేడెక్కడం మొదలయ్యాక, "చాల్లే, వెలిగింది" అన్నాడు.

ఆవిడ చెయ్యి తీసి కోటు బొత్తాలు విప్పుకుంది. నోరిస్ పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచీలో పెట్టుకుంటున్నాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపే తుడుస్తున్నాడు.

"సోమవారం బాయిలర్ చూడ్డానికి మార్జరీ ఇంటికి వెళ్తానన్నావుగా" అంది గ్లెనిస్, కిటికీలోకి చూస్తూ. నటన ఇప్పటికీ రాలేదు ఆవిడకి.

నోరిస్ దుప్పటి మడతపెట్టాడు. "ముందు డాక్టరుకి చెవులు చూపించుకోవాలి. బెరిల్‌కి నువ్వు చెప్పకు, నేనే చెప్తా." మడతని మళ్ళీ విప్పి ఇంకోలా మడిచాడు. "మార్జరీ చెవులు బాగానే ఉన్నాయా?"

"మార్జరీకా? గోడ అవతల మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకున్నా వినపడతాయి."

"అయితే వస్తానని చెప్పు" అన్నాడు నోరిస్, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "కెటిల్ మాత్రం పెట్టద్దని చెప్పు."